రెండో చెయ్యి

మార్చి 6, సోమవారం

ఈ నోటుబుక్కు ఒకప్పుడు తొమ్మిదో తరగతి వాళ్ళ దగ్గర లాక్కున్నది. మొదటి పేజీలో ఎవడో నా బొమ్మ వేశాడు. ముక్కు అంత పెద్దదేం కాదు. ఆ పేజీ చింపబుద్ధి కాలేదు, రెండో పేజీ నుంచి రాస్తున్నాను.

ఇవాళ ఉద్యోగంలో చేరాను. పింఛను మొదలై ఏడేళ్ళయింది. టీవీలో వార్తలు చదివే పిల్ల తప్పులు దిద్దడం తప్ప నాకు వేరే పని లేదు. "అమ్మా, మా నుర్జాత్ ఆఫీసులో నీలాంటివాళ్ళు కావాలట, వెళ్ళు" అని అక్‌మరాల్ నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కడుపుతో ఉన్న కూతురి మాట కాదనకూడదని వెళ్ళాను. అంతకుమించి నాకేం సరదా లేదు.

నుర్జాత్ కూడా నా విద్యార్థినే. ఏడో తరగతిలో వాక్యం విడదీయమంటే నల్లబల్ల ముందు నిలబడి ఏడ్చేది. అయిదుకి మూడు వేశాను, అదీ జాలిపడి. ఇప్పుడు కంప్యూటర్‌కి వాక్యం విడదీయడం నేర్పే ఆఫీసుకి ఆ పిల్లే పెద్ద.

"ఎజే, మీరు మాకు నేర్పినట్టే దీనికీ నేర్పాలి" అంది. ఎజే అంటే అక్కా అని, బళ్ళో పిలిచిన పిలుపే ఇంకా.

"మీకు నేర్పినట్టు నేర్పితే దీనికీ మూడే వస్తుంది."

"ఇక్కడ మీరు స్కేలుతో కొట్టలేరుగా, పైకొస్తుందేమో."

పని తెలిసిందే. తెర మీద ఒక కిర్గిజ్ వాక్యం వస్తుంది. దాన్ని ముక్కలు చేసి ఏ ముక్క ఏ పని చేస్తోందో చెప్పాలి. బళ్ళో కర్త కింద ఒక గీత, క్రియ కింద రెండు, కర్మ కింద తెగిన గీత, విశేషణం కింద అలల గీత గీయించేదాన్ని. ఇక్కడ గీతలకి బదులు బాణాలు. ఏ మాట ఏ మాట మీద ఆనుకుని ఉందో దాని వైపు బాణం వేయాలి. వేలకొద్దీ వాక్యాలు ఇలా విడదీసి పెడితే, అవి చూసి చూసి యంత్రం కొత్త వాక్యాన్ని తనంతట తానే విడదీస్తుందట.

"దానికెందుకే ఈ గొడవంతా?" అన్నాను.

"ఎవరు ఎవర్ని కొట్టారో తెలియకపోతే కథేం అర్థమవుతుంది ఎజే?"

మూడు మార్కుల పిల్లకి జవాబు బాగానే వచ్చింది.

ప్రతి వాక్యంలోనూ ఒక్క మాట మాత్రం ఎవరి మీదా ఆనదు. మిగతావన్నీ దాని మీదే ఆనుకుంటాయి. నాకది నచ్చింది. నేనూ అంతే కదా. మూడో అంతస్తు, రెండు గదులు, ఒక్కదాన్నే.

మార్చి 7

నిన్న రాయడం మరిచాను. ప్రతి వాక్యాన్నీ ఇద్దరు మనుషులు విడివిడిగా విడదీస్తారు. నేను మొదటి చెయ్యి. ఇంకెవరో రెండో చెయ్యి. ఒకరి పేరు ఒకరికి చెప్పరు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాస్తారని. ఇద్దరి బాణాలూ కలిస్తేనే ఆ వాక్యం యంత్రానికి పాఠం అవుతుంది. కలవకపోతే నుర్జాత్ తేలుస్తుంది. నూటికి తొంభై కన్నా తక్కువ కలిస్తే ఆ కట్టంతా వెనక్కి.

ముప్పై ఆరేళ్ళు పాఠం చెప్పినదాన్ని. నా పక్కన ఇంకో చెయ్యి ఎందుకో.

మార్చి 8, ఆడవాళ్ళ పండుగ

అక్‌మరాల్ తులిప్ పూలు పట్టుకొచ్చింది. ఎనిమిదో నెల. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ కూర్చుంది. చాయ్‌లో మీగడ వేసి ఇస్తే తాగుతూ బీరువా వెనకాల చూసింది. అక్కడ దుప్పటి చుట్టి ఉంది ఉయ్యాల. జునిపర్ కర్రది, ఓష్ బజారులో నాలుగు దుకాణాల వాళ్ళతో తగువు పడి కొన్నాను. మొదటి మనవడికి ఉయ్యాల తెచ్చేది అమ్మమ్మే. తాతల నాటి నుంచీ అంతే.

"అయితే తెస్తావన్నమాట" అంది.

"కొన్నానన్నాను. తెస్తానన్నానా? ఆ ఇంటి గుమ్మం తొక్కనని చెప్పాను."

"అమ్మా, అత్తయ్య ఎన్నిసార్లు ఫోన్ చేసింది నీకు? ఎత్తావా?"

"ఆవిడ పేరు నా ఇంట్లో ఎత్తకు."

"సరే. ఆవిడ ఇప్పుడేం చేస్తోందో తెలుసా నీకు?"

"తెలుసుకోవాల్సిన అవసరం లేదు. చాయ్ తాగు."

అక్‌మరాల్ అదోలా నవ్వింది. గర్భిణులు ఊరికే నవ్వుతారు.

మరిచిపోకుండా రాసి పెట్టుకుంటాను. (ఏడాదిన్నరగా మరిచిపోలేదు, అది వేరే సంగతి.) నిరుడు కాక అటుముందు అక్టోబరు, నా కూతురి పెళ్ళి విందు, ఊరి చివర అర్చా-బెషిక్‌లో వియ్యపురాలు గుల్సున్ ఇల్లు. గొర్రె మాంసం వచ్చింది. పెళ్ళికూతురి తల్లిని నేను. ఆడవాళ్ళకిచ్చే పెద్ద ముక్క, తోకభాగం, నా ముందుకి రావాలి. గుల్సున్ మరిది జపార్ పళ్ళెం పట్టుకొచ్చి, ఒక్క మాటైనా అడక్కుండా తోకభాగాన్ని నాతో వచ్చిన నా పినతల్లి కూతురు కాలిపా ముందు పెట్టాడు. నా ముందు వెన్నుపూస. కొత్త కోడళ్ళకి వేసే ముక్క! కాలిపా మూతంతా కొవ్వు చేసుకుని నమిలింది. నేను లేచి వచ్చేశాను. గుల్సున్ గుమ్మం దాకా వెంటపడి "వియ్యపురాలా, నీకు..." అని ఏదో మొదలుపెట్టింది. నేను ఆగలేదు.

మా భాషలో అసలు మాట చివర్న వస్తుంది. అది వినకుండా వాక్యం విడదీయకూడదని పిల్లలకి నేనే చెప్పేదాన్ని. అయినా ఆవిడ వాక్యంలో ఏముంటుందిలే.

మార్చి 14

రెండో చెయ్యితో తొంభై రెండు శాతం కలిసింది. పనిమంతులే ఎవరో.

మార్చి 17

తొంభై అయిదు. ఇవాళ ఒక వాక్యం దగ్గర ఇద్దరం తేడాపడ్డాం. రెండో చెయ్యి పక్కన చిన్న కాగితం పెట్టినట్టు ఒక వ్యాఖ్య రాసింది: "తొందరపడకండి. చివరిదాకా చదవండి." ఎంత మర్యాదగా చెప్పారో! మళ్ళీ చదివితే నిజమే, నాదే పొరపాటు. నా తప్పు పట్టి, నాకు కోపం తెప్పించని మనిషిని ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను. చూడలేదనుకోండి.

మగవాడే అయుంటాడు. ఆడది అయితే రెండు వ్యాఖ్యలు రాసేది. నరీన్ కొండల వైపు మనిషి, పెద్ద బడిలో హెడ్‌మాస్టరు, భార్య పోయి చాలా ఏళ్ళయింది. మీసం ఉంటుంది. ఈ మాటే నుర్జాత్‌తో అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మార్చి 21, నూరూజ్ పండుగ

కొత్త కండువా కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. సెలవని మరిచిపోయాను. కాపలా అతను నవ్వాడు. పని ఇంట్లోనే చేసుకుని నేను శుక్రవారాలు వెళ్తాను, రెండో చెయ్యి మంగళవారాలు వస్తారట, అది నాకెలా తెలుసో రాయను.

మార్చి 24

రంజాన్ ఉపవాసం రెండో రోజు. నిష్ఠగా ఉన్నాను. (మధ్యాహ్నం కొంచెం చాయ్. ఈ వయసులో తప్పులేదు. అరవై ఏళ్ళంటే చిన్న వయసేం కాదు, అలాగని పెద్దదీ కాదు.)

మార్చి 31

యంత్రానికి మొదటి పరీక్ష పెట్టారు. "తాతయ్య గొర్రెను కోసి అతిథికి తల పెట్టాడు" అన్న వాక్యం ఇస్తే, కోసింది అతిథి అనీ, తెగింది తాతయ్య అనీ తేల్చింది. ఆఫీసు ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నేను దానికి రెండు వేశాను. నుర్జాత్ పక్కకొచ్చి, "నాకు మూడు వేశారుగా ఎజే, అంటే నేను దీనికన్నా నయమే" అంది.

"నువ్వు తాతయ్యని చంపలేదు మరి" అన్నాను.

పిల్ల పొంగిపోయింది. పదహారేళ్ళ నుంచి ఈ మాట కోసం ఎదురుచూసినట్టుంది.

ఏప్రిల్ 5

పత్రికల నుంచి ఏరిన వాక్యాలు అయిపోయాయి. మంత్రిగారు పర్యటించారు, వంతెన ప్రారంభించారు, ఇవే. వీటితో పెరిగిన యంత్రం ఇంట్లో మాట్లాడే మాట అర్థం చేసుకోలేదు. అందుకని వంటింటి మాటలు, విందు మాటలు సొంతంగా రాసివ్వమంది నుర్జాత్. నావి రెండో చెయ్యికి వెళ్తాయి విడదీయడానికి, వారివి నాకొస్తాయి.

అంటే నేను ఏం రాస్తే అది ఆయన చదవాలి. చదవడమే కాదు, మాట మాట దగ్గరా ఆగి ఎవరి మీద ఎవరు ఆనుకున్నారో ఆలోచించాలి. ఇంత శ్రద్ధగా నా మాట ఏ మగవాడూ వినలేదు. మా ఆయన, స్వర్గంలో ఉన్నాడు కాబట్టి ఏమీ అనను, పత్రిక అడ్డం పెట్టుకునే వినేవాడు.

ఏప్రిల్ 7

నూట యాభై వాక్యాలు ఇచ్చేశాను. కొన్ని ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, బాగా కుదిరాయని.

"మా వంటింటి కిటికీ తెరిస్తే కొండల మీద మంచు కనిపిస్తుంది."

"ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు చాయ్‌కి రెండు గిన్నెలు పెట్టుకుంటారు."

"మాస్కో ఒలింపిక్స్ జరిగిన వేసవిలో ఇన్‌స్టిట్యూట్ చివరి పరీక్ష రాసి, ఆ సాయంత్రం తెల్ల చెప్పులు అరిగేదాకా నాట్యమాడాను."

"ఒక ఇంట్లో వియ్యపురాలి ముందు వెన్నుపూస పెట్టారు."

"తోకభాగం తిన్న చుట్టానికి మూతి తుడుచుకోవడం కూడా తెలియలేదు."

చివరి రెండూ ఊరికే. విందు మాటలు కావాలన్నారు కదా.

ఏప్రిల్ 12

ఆయన వాక్యాలు వచ్చాయి! నా వాక్యాలు చేరకముందు రాసినవట. ఎంత కమ్మగా రాస్తాడో.

"పిండి పిసికే చేతికి ఉంగరం అడ్డం."

"మీగడ లేని చాయ్ వేడినీళ్ళతో సమానం." ఇది నేను రోజూ అనే మాట!

"ఫోను ఎత్తని మనిషి ఇంటి గంట కూడా చెడిపోయి ఉంటుంది." పాపం, ఎవరో ఆయన్ని బాగా ఏడిపిస్తున్నారు. పిల్లలై ఉంటారు.

పిండి పిసుకుతాడంటే స్వయంపాకమన్నమాట. భార్య లేదన్నది ఖాయం.

తొంభై ఎనిమిది శాతం.

ఏప్రిల్ 19

మనవడు పుట్టాడు. మూడు కిలోల ఆరువందలు. ఎల్‌నాజర్ అని పేరు పెట్టారు. ఆస్పత్రికి పొద్దున్నే వెళ్ళాను, గుల్సున్ మధ్యాహ్నం వస్తుందని అల్లుడు కైరత్ చెప్పాడు. అద్దంలోంచి చూపించారు. ముక్కు నాదే. ఏడ్చాను, ఎవరూ చూడలేదు.

ఏప్రిల్ 21, ఓరోజో ఐత్, ఉపవాసాలు ముగిసే పండుగ

పండుగ పలకరింపులకి పక్కింటివాళ్ళు వచ్చారు, నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు తిని వెళ్ళారు. సాయంత్రం అక్‌మరాల్ ఫోనులో ఫొటో పంపింది. నా మనవడు బట్టల బుట్టలో పడుకుని ఉన్నాడు. ఉతికిన బట్టలు వేసుకునే బుట్ట!

ఫోన్ చేశాను. "ఆ ఇంట్లో బిడ్డకి మంచం కూడా దిక్కులేదా?"

"ఉంది. కైరత్ దుకాణం నుంచి తెస్తానన్నాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. 'అమ్మమ్మ ఉయ్యాల వచ్చేదాకా వీడు ఏ మంచమూ ఎక్కడు, ఆవిడకి హక్కు ఉంది' అంది."

"ఆవిడ అంటే?"

"నువ్వే అమ్మా. ఉయ్యాల వేడుక వచ్చే నెల పధ్నాలుగు, ఆదివారం పెట్టుకుందాం అనుకుంటున్నాం. నువ్వు రాకపోతే నలభై రోజులూ నిండేదాకా బుట్టలోనే ఉంటాడు, ఆ తర్వాత కొన్న మంచం వస్తుంది. నీ ఉయ్యాల నీ బీరువా వెనకే ఉంటుంది. ఇంక నేను అడగను."

పెట్టేసింది. నా కూతురు నాతో ఇలా ఎప్పుడూ మాట్లాడలేదు.

బిడ్డని ఎరగా వేశారు, గుల్సున్ తెలివే ఇది. నన్ను అవమానించింది తనే కదా ముందు. జపార్ పళ్ళెం పట్టుకొచ్చి... ఏదో అడిగాడనుకుంటా. కొముజ్ తీగలు వాయిస్తున్నారు, ఏమీ వినపడలేదు. వినపడకపోతే నా తప్పా?

ఏప్రిల్ 26, బుధవారం

రెండో చెయ్యి వాక్యాల రెండో కట్ట వచ్చింది. నిన్నటి నుంచి ఎదురుచూస్తున్నాను. మంచి చాయ్ పెట్టుకుని, రెండు గిన్నెలు పెట్టుకుని, కూర్చున్నాను. పైనుంచి కిందకి ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"గొర్రెను కోసింది మరిది, పంచింది మరిది, తిట్లు తిన్నది వదిన."

"ముక్కలు వయసుని బట్టి పంచుతారు, ముక్కుని బట్టి కాదు."

"వయసు అడిగితే అతిథి గట్టిగా యాభై ఎనిమిదని చెప్పింది."

"నలభై మూడేళ్ళ కిందటి ఒలింపిక్స్ వేసవిలో ఇన్‌స్టిట్యూట్ పూర్తిచేసిన మనిషికి ఇప్పుడు అరవై ఎలా అవుతుందో లెక్కల టీచరుని అడగాలి."

"ఉయ్యాల రాని ఇంట్లో బిడ్డ బట్టల బుట్టలో నిద్రపోతున్నాడు."

చాయ్ చల్లారిపోయింది. తాగలేదు.

ఏప్రిల్ 27

రాయను.

ఏప్రిల్ 28

మీసం లేదు.

ఉంది. కొంచెం ఉంది. పెళ్ళిలో దగ్గర్నుంచి చూశాను.

మే 2

ఆ కట్టలో ఉన్న వాక్యాలన్నీ విడదీశాను. నాకు తోచినట్టు విడదీశాను. మరిది మీద ఆనాల్సినవి వదిన మీదకి తోశాను, అతిథి మీద ఆనాల్సినవి గొర్రె మీదకి. నా ఇష్టం. మొదటి చెయ్యిని నేను.

నలభై ఒకటి శాతం.

మే 5, శుక్రవారం

నుర్జాత్ తలుపు వేసి నన్ను కూర్చోబెట్టింది. ఒకప్పుడు నేను ఆ పిల్లని కూర్చోబెట్టినట్టు.

"ఎజే, ఏమైంది? తొంభై ఎనిమిది ఉండేది నలభై ఒకటికి పడింది. రెండో చెయ్యిది సరిగ్గానే ఉంది. మీది... నేను ఏడో తరగతిలో కూడా ఇలా చేయలేదు."

"రెండో చెయ్యి ఎవరో నాకు తెలుసు."

నుర్జాత్ గోళ్ళు చూసుకుంటూ ఒప్పుకుంది. "గుల్సున్ ఎజే పత్రికలో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దారు. ఈ ఊళ్ళో మీ ఇద్దర్ని మించినవాళ్ళు లేరు. అక్‌మరాల్ చెప్పింది, మీరిద్దరూ ఒక బల్ల దగ్గర ఎలాగూ కూర్చోరు, వేర్వేరు బల్లల దగ్గరైనా కూర్చోబెట్టు అని."

"నా కూతురా?"

"మీరు వ్యాకరణంలో అయిదు వేసింది దానికే కదా ఎజే."

ఆ అయిదు తీసేయడానికి ఇప్పుడు కుదురుతుందా అని ఆలోచించాను.

"కట్ట వెనక్కిస్తున్నాను" అంది నుర్జాత్, బళ్ళో నా గొంతుతోనే. "మళ్ళీ చేసి తీసుకురండి. కోపంతో విడదీస్తే యంత్రం కోపమే నేర్చుకుంటుంది. అది మళ్ళీ తాతయ్యని కోసేస్తుంది."

మే 6

మళ్ళీ చేస్తున్నాను. చేయక తప్పదు. "వయసు అడిగితే అతిథి గట్టిగా యాభై ఎనిమిదని చెప్పింది." అడిగింది ఎవరు? చెప్పింది ఎవరు? ఎటు తిప్పి చూసినా, బాణం ఎటు వేసినా, చెప్పింది ఆ అతిథే.

సరే. ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు.

జపార్ పళ్ళెం పట్టుకొచ్చాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, "వియ్యపురాలా, తప్పుగా అనుకోకండి, మీ వయసెంత?" అని అడిగాడు. కొముజ్ వాయించడం లేదు. గదంతా వింటోంది. కైరత్ వైపు ఆడవాళ్ళందరూ సన్నగా, చలాకీగా ఉన్నారు. నేను "యాభై ఎనిమిది" అన్నాను. గట్టిగా అన్నాను. పక్కన కాలిపాని అడిగితే "అరవై" అంది, నిజమే చెప్పింది. నాకప్పుడు అరవై మూడు. కాలిపాకి తెలుసు. చిన్నప్పుడు నన్ను అక్కా అని పిలిచేది. తెలిసే నమిలింది.

తోకభాగం పెద్దదాని ముందుకి వెళ్ళింది. జపార్ తప్పేముంది? గుల్సున్ తప్పేముంది? నోరు తెరిచి "అది నాది" అంటే అయిదేళ్ళూ బయటపడతాయి. అందుకని అవమానం జరిగిందని లేచి వచ్చేశాను. ఏడాదిన్నర దాన్ని మోశాను, వెన్నుపూసని మోసినట్టు.

అయిదేళ్ళు ఎప్పుడు తీసేశానో కూడా రాస్తాను. అక్‌మరాల్ నాకు ముప్పై ఏడేళ్ళకి పుట్టింది. మొదటి తరగతిలో చేర్చిన రోజు ఒక పిల్ల "మీ అమ్మమ్మ వచ్చింది" అంది. అక్‌మరాల్ ఇంటి దాకా ఏడుస్తూ నడిచింది. ఆ సాయంత్రమే తీసేశాను. దానికోసం తీసేశాను, నాకోసం ఉంచుకున్నాను.

ఉయ్యాల సంగతి ఇంక అడగను అంది అక్‌మరాల్. నిజంగానే అడగదు. నా పోలికే.

మే 9

కట్ట ఇచ్చేశాను. తొంభై తొమ్మిది శాతం. ఆ మిగిలిన ఒక్కటీ నేనే ఒప్పుకోలేదు, "ముక్కుని బట్టి కాదు" అన్నది. అది సూటిపోటి మాట, వాక్యం కాదు.

విందు వాక్యాలు ఇంకో పది ఇవ్వాలంది నుర్జాత్. తొమ్మిది ఏవో రాశాను. పదోది:

"ఆదివారం పదకొండు గంటలకి ఉయ్యాల వస్తుంది."

పంపేశాక వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. కుదరదట.

మే 11

పదో వాక్యానికి రెండో చెయ్యి బాణాలు వచ్చాయి. నాతో నూటికి నూరు కలిశాయి. పక్కన వ్యాఖ్య: "అభ్యంతరం లేదు. మీగడ సిద్ధం."

మే 13

కండువా ఇస్త్రీ చేశాను. ఉయ్యాల దుమ్ము తుడిచాను. కాలిపా ఫోన్ చేసి "నేనూ రావాలా?" అంది. రావే తల్లీ, నువ్వు లేకపోతే ఎలా.

మే 14, ఆదివారం

ఉయ్యాల మినీబస్సులో పట్టలేదు. డ్రైవరు "ఎజే, ఇది సామానా, ప్రయాణికుడా?" అని అడిగాడు. "ప్రయాణికుడు అక్కడ ఎదురుచూస్తున్నాడు" అన్నాను. నా ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు కాలిపా ఒళ్ళో పెట్టి తీసుకెళ్ళాం.

గుమ్మంలో గుల్సున్ నిలబడి ఉంది. ఏడాదిన్నరలో కాస్త లావైంది. ఆ మాట అనలేదు.

"వచ్చావా?" అంది.

"ఉయ్యాల వచ్చింది. మోసుకుంటూ నేనూ వచ్చాను."

"ఒక్కదానివే ఎందుకు మొయ్యడం? ఇటు రెండో చెయ్యి వెయ్యనియ్" అని అటుపక్క పట్టుకుంది. ఇద్దరం గుమ్మం దాటించాం. అక్కడ ఆగాను.

"ఆ రోజు ఇక్కడే నిలబడి 'వియ్యపురాలా, నీకు' అని ఏదో అనబోయావు. ఏమిటది?"

"ఇప్పుడా అడగడం? 'నీకు యాభై ఎనిమిదైతే, నేనింకా బళ్ళో చదువుకుంటున్నానే' అందామని వచ్చాను. నవ్వుతావనుకున్నా. నువ్వు మెట్లు దిగిపోయావు."

నవ్వొచ్చింది. ఏడాదిన్నర ఆలస్యంగా, ఉయ్యాల చేతిలో ఉండగా నవ్వు వస్తే ఏం చేయాలో తెలియలేదు. గుల్సున్ కూడా నవ్వింది. ఉయ్యాల మా ఇద్దరి మధ్యా ఊగింది.

లోపల జునిపర్ కొమ్మ వెలిగించి ఉయ్యాల చుట్టూ పొగ పట్టారు. అక్‌మరాల్ బిడ్డనెత్తుకుని నిలబడింది. జపార్ భార్య గదంతా చూసి, "బిడ్డని పడుకోబెట్టేది అందర్లోకీ పెద్దావిడ. ఎవరమ్మా పెద్ద?" అంది.

కాలిపా చేతులు తుడుచుకుంటూ లేచింది.

గదంతా వింటోంది, అప్పటిలాగే. అదే ఆడవాళ్ళు, అంతే సన్నగా ఉన్నారు. అక్‌మరాల్ నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తోంది.

"కూర్చో కాలిపా" అన్నాను. "నాకు అరవై అయిదు."

కాలిపా కూర్చుంది. "చివరికి చెప్పావా అక్కా" అంది. ఏళ్ళ తర్వాత అక్కా అంది.

అక్‌మరాల్ బిడ్డని నా చేతుల్లో పెట్టింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. వాడు బట్టల బుట్ట వాసన వేస్తున్నాడు. ఉయ్యాల మీదకి వంగి, "నా చెయ్యి కాదు, ఉమాయ్ తల్లి చెయ్యి" అంటూ, బిడ్డల్ని కాచే ఆ తల్లిని తలుచుకుని పడుకోబెట్టాను. పట్టీ కట్టడానికి అవతలి పక్క నుంచి గుల్సున్ వంగింది. ఆవిడ నోరు నా చెవి దగ్గరకొచ్చింది.

"నాకు అరవై ఏడు" అంది. "ఎవరికైనా చెప్పావో, నీ మీసాల హెడ్‌మాస్టరు సంగతి ఊరంతా చాటిస్తాను. నుర్జాత్ నోట్లో ఏదీ దాగదు."

పట్టీ ముడి నేను రెండుసార్లు తప్పు వేశాను.

భోజనాల దగ్గర జపార్ పళ్ళెం పట్టుకొచ్చాడు. ఈసారి వయసు అడగలేదు. తోకభాగం నా ముందు పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని వంగాడు. అందరూ చూస్తున్నారు. నేను కత్తి తీసుకుని దాన్ని రెండు ముక్కలు చేశాను. పెద్ద ముక్క గుల్సున్ పళ్ళెంలో వేశాను.

"చూశారా, వియ్యపురాళ్ళు కలిసిపోయారు" అని ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు.

గుల్సున్ తలెత్తకుండా తింటోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కలిసిపోవడం సంగతి తర్వాత. వయసుని బట్టి పంచాను, అంతే.